అద్దం చెప్పే అబద్ధం: ఫోన్ తెరకు స్పర్శ ఎలా వచ్చింది

పాత కీప్యాడ్ ఫోన్లలో 5 అంకె మీద ఒక చిన్న బొడిపె ఉండేది. చాలామంది దాన్ని కళ్ళతో ఎప్పుడూ గమనించి ఉండరు, వేలికి మాత్రం అది బాగా తెలుసు. జేబులోంచి ఫోన్ తీయకుండానే బొటనవేలితో ఆ బొడిపెను తడిమితే చాలు, మిగతా తొమ్మిది అంకెలూ ఎటువైపు ఉన్నాయో తెలిసిపోయేది. కంప్యూటర్ కీబోర్డులో ఎఫ్, జె అక్షరాల మీద ఉండే చిన్న గీతలదీ ఇదే పని. టైపింగ్ బాగా వచ్చినవాళ్ళు కిందికి చూడరు, ఆ గీతలు దొరికితే వేళ్ళు వాటంతట అవే సర్దుకుంటాయి.

మామూలు మీట వేలికి రెండు కబుర్లు చెబుతుంది. నొక్కకముందు, తన అంచుల ద్వారా, 'నేను ఇక్కడున్నాను' అంటుంది. నొక్కిన తర్వాత, టక్కుమని లోపలికి దిగి, 'పని అయింది' అంటుంది. టచ్‌స్క్రీన్ వచ్చాక ఈ రెండూ ఒకేసారి పోయాయి. గాజు అంతా నున్నగా ఒకేలా ఉంటుంది. దాని మీద గీసిన మీట కంటికే తప్ప వేలికి లేదు. ఫోన్ తయారీదారులు పాతికేళ్ళుగా హాప్టిక్స్, అంటే వేలికి స్పర్శ కలిగించే సాంకేతికత, పేరుతో చేస్తున్న కృషి అంతా పోయినదాన్ని వెనక్కి తేవడానికే. అందులో రెండో కబురు దాదాపు వచ్చేసింది. మొదటిది ఇంకా రాలేదు. ఎందుకు రాలేదన్నది అర్థం కావాలంటే రెండోది ఎలా వచ్చిందో ముందు చూడాలి.

చర్మం ఎక్కడ మోసపోతుంది

నిజమైన మీట నొక్కినప్పుడు జరిగేది ఇది. కీప్యాడ్ కింద చిన్న లోహపు బుడగ లాంటిది ఉంటుంది, డోమ్ అంటారు. వేలు ఒత్తేకొద్దీ అది ఎదురొత్తుతుంది. ఒక స్థాయి దాటగానే ఒక్కసారిగా కుంగిపోతుంది. వేలికి తగులుతున్న ప్రతిఘటన ఠక్కున తగ్గుతుంది, మరుక్షణం వేలు అడుగుకు తగులుతుంది. ఈ హఠాత్తు మార్పునే మనం 'క్లిక్' అంటాం. ఇదంతా కొన్ని మిల్లీసెకన్ల వ్యవహారం.

గాజు కుంగదు. కాబట్టి ప్రతిఘటన తగ్గించడం దాని వల్ల కాదు. కానీ చర్మానికి ఒక బలహీనత ఉంది. వేలికొనల్లో స్పర్శను గ్రహించే నాడీ అంగాలు నాలుగు రకాలు. నిలకడగా ఉన్న ఒత్తిడిని కనిపెట్టేవి కొన్ని, చర్మం సాగడాన్ని కనిపెట్టేవి కొన్ని, నెమ్మదైన కదలికను పట్టుకునేవి కొన్ని. నాలుగో రకం చర్మం లోతుల్లో, ఉల్లిపాయలా పొరలుపొరలుగా ఉంటుంది. ఇటలీకి చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఫిలిప్పో పచీని పేరు మీద వాటిని పచీనియన్ కణికలు అంటారు. సెకనుకు 200 నుంచి 300 సార్లు వచ్చే కంపనాలంటే వీటికి ప్రాణం. ఆ పౌనఃపున్యంలో చర్మం ఒక మైక్రాన్ కన్నా తక్కువ దూరం కదిలినా పసిగడతాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

ఇంత సున్నితమైన ఈ కణికలకు దిక్కు మాత్రం సరిగా తెలియదు. కంపనం పైకీ కిందికీ వచ్చిందా, పక్కకు వచ్చిందా అన్నది వీటికి పెద్దగా పట్టదు. ఫోన్లలో స్పర్శ సాంకేతికత అంతా ఈ ఒక్క లోపం మీదే నిలబడింది. వేలు గాజును కిందికి ఒత్తుతుంది, అదే క్షణంలో లోపలి మోటారు ఫోన్‌ను అడ్డంగా ఒక్కసారి కుదుపుతుంది, మెదడు ఆ రెంటినీ కలిపి 'మీట కిందికి దిగింది' అని తేల్చేస్తుంది. దిగింది ఏమీ లేదు. ఆపిల్ 2015లో మ్యాక్‌బుక్‌లలో పెట్టిన ఫోర్స్ టచ్ ట్రాక్‌ప్యాడ్ దీనికి మంచి ఉదాహరణ. అది కదిలేది పక్కకు, అనిపించేది కిందికి. వదిలినప్పుడు కూడా ఇంకో చిన్న కుదుపు ఇస్తుంది, ఎందుకంటే నిజమైన మీట పైకి లేచేటప్పుడూ తెలుస్తుంది కదా. కంప్యూటర్ ఆపేసి నొక్కితే మాత్రం అది ఉత్త గాజు పలక. మొదటిసారి ఈ సంగతి గమనించినవాళ్ళు పాడైపోయిందేమోనని కంగారుపడతారు.

పిలవడానికి పుట్టిన మోటారు

ఫోన్లో మొదట చేరిన మోటారుకూ మీటలకూ సంబంధమే లేదు. దాని పని పిలవడం. పేజర్ల కాలంలోనే ఇది ఉంది: చిన్న మోటారు, దాని ఇరుసుకు ఒకవైపే బరువు. తిరుగుతుంటే బరువు ఒక పక్కకు లాగుతుంది కాబట్టి వస్తువంతా వణుకుతుంది. 1996లో వచ్చిన మోటొరోలా స్టార్‌టాక్ వైబ్రేషన్‌ను ఫోన్లలోకి తెచ్చిన తొలి మోడల్‌గా పేరు పొందింది. మీటింగులో, థియేటర్లో మోగకుండా జేబులోనే గురగురలాడి చెప్పే ఆ ఏర్పాటుకు ఈ మోటారు సరిగ్గా సరిపోయింది.

తెర మీద మీట నొక్కినప్పుడు కూడా దీన్నే వాడదామనుకున్నప్పుడు ఇబ్బంది మొదలైంది. తిరిగే బరువు వేగం అందుకోవడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది, ఆగడానికి ఇంకాసేపు పడుతుంది. వేగంగా టైప్ చేసేవాళ్ళకు ఒక అక్షరం తాలూకు వణుకు ఆగేలోపు రెండో అక్షరం వచ్చేస్తుంది. పైగా ఈ మోటారులో బలం, వేగం విడదీయలేం. గట్టిగా తెలియాలంటే వేగంగా తిప్పాలి, మెల్లగా తిప్పితే అసలు తెలియదు. 'మెత్తగా, చురుగ్గా ఒక్క తట్టు' అన్నది దీని చేతిలో లేదు. చవక ఫోన్లలో కీబోర్డు వైబ్రేషన్ పెట్టుకుని రెండు రోజులకే తీసేసేవారు ఎక్కువమంది కావడానికి కారణం ఇదే. అది క్లిక్ కాదు, అరచేతిలో తుమ్మెద.

పరిశోధకులు ఈ సమస్యను ఫోన్ కంపెనీల కంటే ముందే పట్టుకున్నారు. 2001లో జపాన్‌కు చెందిన ఎన్‌టీటీ డొకొమో పరిశోధకులు టచ్ ప్యానెల్‌కు చిన్న కదలిక పరికరం జోడించి, వేలు తగలగానే క్లిక్ లాంటి తట్టు ఇచ్చే పద్ధతి చూపించారు. దానికి 'యాక్టివ్ క్లిక్' అని పేరు పెట్టారు. 2003లో సోనీ ప్రయోగశాలలో ఇవాన్ పుపిరెవ్, షిగియాకి మరుయామా మోటారును పక్కన పెట్టి పీజో పొరలు వాడారు. పీజో అంటే కరెంటు ఇస్తే వంగే పదార్థం. తిరిగే బరువు లేదు కాబట్టి వెంటనే కదులుతుంది, వెంటనే ఆగుతుంది.

ఇవేవీ అప్పట్లో జనానికి అందలేదు. 2007లో ఐఫోన్ వచ్చింది, మీటలన్నీ గాజు కిందికి వెళ్ళిపోయాయి. దానిలో వైబ్రేషన్ మోటారు ఉంది, కానీ కీబోర్డుకు స్పర్శ లేదు. అక్షరం నొక్కితే అది పెద్దదై పైకి తేలేది, చిన్న శబ్దం వచ్చేది. వేలికి చెప్పాల్సిన మాటను కంటికీ చెవికీ చెప్పి సరిపెట్టారు. మరుసటి ఏడాది శాంసంగ్ కొరియాలో ఒక ఫోన్‌కు ఏకంగా 'హాప్టిక్' అనే పేరే పెట్టింది.

అదే 2008లో గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన ఈవ్ హోగన్, స్టీఫెన్ బ్రూస్టర్, జోడీ జాన్‌స్టన్ ఒక ప్రయోగం ఫలితాలు వెలువరించారు. నిజమైన మీటలున్న ఫోన్, స్పర్శ లేని టచ్‌స్క్రీన్, స్పర్శ ఉన్న టచ్‌స్క్రీన్, ఈ మూడింటి మీదా జనం చేత టైప్ చేయించారు. ప్రయోగశాలలో కూర్చోబెట్టి ఒకసారి, కదిలే భూగర్భ రైలులో మరోసారి. స్పర్శ జోడించిన తెర మీద తప్పులు తగ్గాయి, వేగం పెరిగింది, ఫలితం నిజమైన మీటల దగ్గరికి వచ్చింది. హాప్టిక్స్‌ను సోకు కింద కొట్టిపారేసేవారికి ఇది గట్టి జవాబు.

స్టార్మ్: ఓడిపోయిన మంచి ప్రశ్న

ఈ చరిత్రలో ఎగతాళికి ఎక్కువగా గురైన ఫోన్ బ్లాక్‌బెర్రీ స్టార్మ్. మీటలకు పేరుమోసిన కంపెనీ మీటలు లేని ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. 2008 నవంబరులో వచ్చిన ఆ ఫోన్‌లో తెర మొత్తాన్నీ ఒకే పెద్ద మీటగా మార్చారు. తెర కింద స్విచ్ ఉంటుంది. అక్షరం మీద వేలు పెడితే అది వెలుగుతుంది, అంతే. గాజును కిందికి నొక్కితే నిజంగానే టక్కుమని దిగుతుంది, అప్పుడు అక్షరం పడుతుంది. దీనికి వాళ్ళు పెట్టిన పేరు ష్యూర్‌ప్రెస్.

ఆచరణలో అది విసుగు పుట్టించింది. అక్షరం అక్షరానికీ తెర మొత్తాన్ని కిందికి తొక్కాలి, అది మళ్ళీ పైకి వచ్చేదాకా రెండో బొటనవేలు ఆగాలి. స్విచ్ ఒక్కటే కాబట్టి రెండు చేతుల వేగం కుదరదు. దానికి తోడు సాఫ్ట్‌వేర్ తప్పులు, వై-ఫై లేకపోవడం. సమీక్షకులు ఉతికి ఆరేశారు. 2009లో వచ్చిన స్టార్మ్ 2లో ఆ స్విచ్ తీసేసి పీజో పరికరాలు పెట్టారు. క్లిక్ బాగుపడింది, కానీ అప్పటికే జనం వేరే దారి పట్టారు.

అయినా స్టార్మ్‌ను ఊరికే తీసిపారేయకూడదు. తాకడం వేరు, నొక్కడం వేరు అని గుర్తించిన అరుదైన టచ్ ఫోన్ అది. మామూలు కెపాసిటివ్ తెర వేలు తగిలిందా లేదా అన్నదే చూస్తుంది, ఎంత గట్టిగా అన్నది దానికి తెలియదు. అందువల్ల తగలడమే నొక్కడం అయిపోయింది. పాత కీప్యాడ్ మీద వేళ్ళు ఆనించి ఉంచవచ్చు, తడుముతూ వెతకవచ్చు. గాజు మీద వేలు ఆనితే చాలు, ఏదో ఒకటి జరిగిపోతుంది. వెతకడానికి వీలులేని చోట వేలుకి దారి చెప్పి మాత్రం ఏం లాభం? 5 మీది బొడిపెను గాజు మీదికి తేలేకపోవడానికి అసలు కారణం చాలావరకు ఇక్కడే ఉంది.

తిరగడం మాని ఊగడం

క్లిక్‌ను నమ్మించే స్థాయికి తెచ్చింది లీనియర్ మోటారు. ఇందులో ఇరుసు లేదు. ఒక అయస్కాంతపు బరువు స్ప్రింగుల మధ్య ఉంటుంది, పక్కన తీగచుట్ట. తీగచుట్టలో కరెంటు దిశ మార్చుతూ ఉంటే బరువు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. స్పీకరు పనిచేసే సూత్రమే, కాగితపు శంకువు బదులు బరువు ఉంది.

ఊయలను ఊపినట్టే దీనికీ ఒక లయ ఉంటుంది. స్ప్రింగుల బిగువు, బరువు కలిసి నిర్ణయించే ఆ సహజ పౌనఃపున్యంలో ఊపితే తక్కువ కరెంటుకే గట్టిగా కదులుతుంది. ఫోన్లలో అది సాధారణంగా 150 నుంచి 250 హెర్ట్జ్ (సెకనుకు అన్ని ఊపులు) మధ్య ఉంటుంది, అంటే పచీనియన్ కణికలు చెవులు నిక్కబొడుచుకునే చోట. లయ కొద్దిగా తప్పినా బలం బాగా పడిపోతుంది. అందుకే మోటారును నడిపే చిప్ దాని నుంచి తిరిగి వచ్చే వోల్టేజీని చూస్తూ లయను సరిచేసుకుంటూ ఉంటుంది.

కదపడం కన్నా ఆపడం కష్టం. ఊయలను ఒక్కసారి తోసి వదిలేస్తే చాలాసేపు ఊగుతుంది. మోటారులోనూ అంతే. ఆ తోక మిగిలితే వేలికి క్లిక్ బదులు 'బుర్ర్' అనిపిస్తుంది. దీన్ని చంపడానికి, తట్టు అయిపోగానే వ్యతిరేక దిశలో ఒక చిన్న కరెంటు తోపు ఇస్తారు. ముందు మామూలు కంటే ఎక్కువ వోల్టేజీతో ఉలిక్కిపడేలా లేపడం, వెంటనే బ్రేకు వెయ్యడం. మంచి హాప్టిక్స్ ఉన్న ఫోన్‌కీ, లేని ఫోన్‌కీ తేడా చాలావరకు ఈ బ్రేకులోనే ఉంటుంది. ఎంత గట్టిగా కదిలిందన్నది కాదు, ఎంత త్వరగా ఊరుకుందన్నది ముఖ్యం.

ఆపిల్ ఈ మోటారును 'ట్యాప్టిక్ ఇంజిన్' పేరుతో 2015లో వాచీలోనూ, ఆ ఏడాదే ఐఫోన్ 6ఎస్‌లోనూ పెట్టింది. ఒకే ఒక్క ఊపులో పూర్తి బలం అందుకుంటుందనీ, చిన్న తట్టు 10 మిల్లీసెకన్లలో ముగుస్తుందనీ చెప్పుకుంది. 6ఎస్‌లో దీనికి తోడుగా 3డీ టచ్ వచ్చింది. గాజు అతిసూక్ష్మంగా వంగడాన్ని తెర వెనుక సెన్సర్లు కొలిచి, వేలు ఎంత ఒత్తిందో చెప్పేవి. స్టార్మ్ అడిగిన ప్రశ్నకు అది మెరుగైన జవాబు: తాకడం, ఒత్తడం మళ్ళీ విడిపోయాయి, ప్రతిదానికీ వేరే తట్టు. కానీ ఎక్కడ ఒత్తితే ఏం వస్తుందో తెర మీద ఏ గుర్తూ లేదు. చాలామంది ఆ సదుపాయం ఉందనే తెలియకుండా ఫోన్ వాడేశారు. 2019 నాటి ఐఫోన్ 11కు వచ్చేసరికి దాన్ని తీసేసి, ఎక్కువసేపు తాకి ఉంచే పద్ధతిని హాప్టిక్ టచ్ అని పెట్టారు.

2016లో ఐఫోన్ 7 ఇంకో అడుగు వేసింది. హోమ్ బటన్ కదలడం మానేసింది. ఒక సెన్సరు, దానికి తోడు ట్యాప్టిక్ ఇంజిన్ ఇచ్చే తట్టు. సెట్టింగ్స్‌లో తట్టు బలం మూడు రకాల్లో ఎంచుకోమన్నారు. ఉన్న మీటను తీసేసి, దాని జ్ఞాపకాన్ని మూడు సైజుల్లో ఇచ్చారన్నమాట. అయినా ఆ బటన్ చుట్టూ ఉన్న గుంట మాత్రం అలాగే ఉంచారు. వేలికి చోటు చెప్పే గుంట అది. మరుసటి ఏడాది ఐఫోన్ 10లో ఆ గుంటా పోయింది.

సమయం తప్పితే తట్టు దండగ

ఎంత గొప్ప మోటారైనా ఆలస్యంగా కదిలితే వేలు నమ్మదు. టోపీ కారెసోయా, స్టీఫెన్ బ్రూస్టర్, వాళ్ళ సహ పరిశోధకులు 2014లో ఈ ఆలస్యాన్ని కొలిచి, తాకిన 5 నుంచి 50 మిల్లీసెకన్ల లోపు స్పందన వస్తే బాగుంటుందని సూచించారు. కంటికి చూపించేదానికి 85 మిల్లీసెకన్ల దాకా ఆగవచ్చు, వేలికి అంత ఓపిక లేదు.

50 మిల్లీసెకన్లు వినడానికి ఎక్కువే అనిపిస్తాయి, ఫోన్ లోపల అవి ఇట్టే ఖర్చయిపోతాయి. తెర వేలిని వెతికేది సెకనుకు 60 సార్లయితే, వేలు తగిలిన సంగతి తెలియడానికే 16 మిల్లీసెకన్ల దాకా పోవచ్చు. ఆ కబురు ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరాలి, అక్కడి నుంచి యాప్‌కు, యాప్ 'తట్టు ఇవ్వు' అనాలి, ఆ మాట మోటారు చిప్‌కు చేరాలి, చివరికి బరువు కదలాలి. 120 సార్లు వెతికే తెరల్లో ఆ మొదటి వాయిదా సగానికి తగ్గుతుంది. ఒకే రకం మోటారు రెండు ఫోన్లలో వేరువేరుగా అనిపించడానికి ఇది ఒక కారణం. మోటారును లోపల ఎలా బిగించారు, ఫోన్ బరువెంత, మీద మెత్తని కవర్ ఉందా అన్నవి మిగతావి. వదులుగా బిగిస్తే తట్టుతో పాటు 'గరగర' కూడా వస్తుంది. వేలికి తెలిసేది సగమే, మిగతా సగం చెవి నింపుకుంటుంది.

సాఫ్ట్‌వేర్ వైపు మార్పు మెల్లగా వచ్చింది. చాలా ఏళ్ళు యాండ్రాయిడ్‌లో యాప్ అడగగలిగింది ఒక్కటే: ఇన్ని మిల్లీసెకన్లు వణుకు. ఎంత బలంగా అన్నది 2017లో యాండ్రాయిడ్ 8తో చేరింది. ఆపిల్ 2016లో సిద్ధంగా ఉన్న తట్లను యాప్‌లకు ఇచ్చి, 2019లో కోర్ హాప్టిక్స్‌తో సొంత తట్లను కూర్చుకునే వీలు కల్పించింది. అలారం సమయం తిప్పుతుంటే పళ్ళచక్రం తిరిగినట్టు అనిపించడం, లాగి వదిలితే రబ్బరు సాగినట్టు అనిపించడం ఇలాంటివే. ఇంత చేసిన ఆపిల్, ఐఫోన్ కీబోర్డుకు తట్టు ఇచ్చింది మాత్రం 2022లో, ఐఓఎస్ 16తో. అదీ మొదట్లో ఆపి ఉంచి, పెట్టుకుంటే బ్యాటరీ మీద ప్రభావం ఉండవచ్చని హెచ్చరిస్తూ.

ఈ రంగం నత్తనడక నడవడంలో పేటెంట్ల పాత్ర ఎంతన్నది తేల్చి చెప్పడం కష్టం, లేదనడం ఇంకా కష్టం. 1993లో మొదలైన ఇమ్మర్షన్ అనే అమెరికన్ కంపెనీ చేతిలో హాప్టిక్స్ పేటెంట్లు పెద్ద ఎత్తున ఉన్నాయి. గేమ్ కంట్రోలర్ల వైబ్రేషన్ విషయంలో అది 2002లో సోనీ మీద దావా వేసి, 2004లో 8 కోట్ల 20 లక్షల డాలర్ల తీర్పు తెచ్చుకుంది. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 కంట్రోలర్‌లో వైబ్రేషనే లేదు. 2007లో రాజీ కుదిరాక అది తిరిగి వచ్చింది. 2016లో ఇదే కంపెనీ ఆపిల్ మీదా కేసు వేసింది, 2018లో రాజీ పడింది.

వణుకు అలవాటైన శరీరం వింతగా ప్రవర్తిస్తుంది. ఫోన్ మోగకపోయినా మోగినట్టు తొడ దగ్గర కదలిక తెలియడం చాలామందికి అనుభవమే. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో 169 మంది ఆసుపత్రి సిబ్బందిని అడిగితే 68 శాతం మంది తమకు ఇలా అయిందన్నారు. చర్మాన్ని నమ్మించడం మరీ కష్టమేమీ కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

పలుకు రాని మొదటి కబురు

'ఇక్కడున్నాను' అనే మొదటి కబురు కోసం కూడా ప్రయత్నాలు జరిగాయి, అవి ఇంకా ఆసక్తికరం. వీటిలో ఒకదాని మూలం ఒక దీపం దగ్గర ఉంది. ఎడ్వర్డ్ మాలిన్‌క్రాట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక ఇత్తడి బల్బు సాకెట్ మీద వేలు రాస్తూ, దీపం వెలుగుతున్నప్పుడు ఆ లోహం వేరుగా అనిపించడం గమనించాడు. 1953లో ఆయన, సహచరులు సైన్స్ పత్రికలో దీన్ని వివరించారు. కరెంటును పారనివ్వని పలుచని పొర కింద విద్యుత్తు దిశ మారుతూ ఉంటే అది వేలి చర్మాన్ని లాగుతూ వదులుతూ ఉంటుంది, కదిలే వేలికి అది గరుకుదనంగా తెలుస్తుంది. 2010లో డిస్నీ పరిశోధనశాల ఈ సూత్రాన్ని టచ్‌స్క్రీన్ మీదికి తెచ్చి టెస్లాటచ్ అని పేరు పెట్టింది. ఆ బృందంలోనూ పుపిరెవ్ ఉన్నాడు. ఫిన్లాండ్ కంపెనీ సెన్సెగ్ ఇలాంటి తెరలనే ఆ తర్వాత ప్రదర్శించింది.

రెండో దారి దీనికి తలకిందులు. గాజును చెవికి వినిపించనంత వేగంగా, సెకనుకు 20,000 సార్లకు పైగా కంపింపజేస్తే వేలికీ గాజుకూ మధ్య గాలి పలుచని పరుపులా చేరి జారుడు పెరుగుతుంది. ఎక్కడ ఆపితే అక్కడ గరుకు. ఫుజిట్సు 2014లో ఇలా పనిచేసే ట్యాబ్లెట్ నమూనా చూపింది. మూడోది మరీ సూటిది: తెర మీద పారదర్శకమైన పొర, దాని కింద సన్నని కాలువలు, వాటిలోకి ద్రవం ఎక్కిస్తే మీటలు నిజంగానే ఉబికి వస్తాయి. టాక్టస్ అనే కంపెనీ 2013లో దీన్ని ప్రదర్శించినప్పుడు జనం ముచ్చటపడ్డారు. ఆ మీటలు ఎక్కడ ఉబకాలో మాత్రం ఫ్యాక్టరీలోనే తేలిపోవాలి. అడ్డం తిప్పితే, యాప్ మారితే తెర మీది కీబోర్డు కదులుతుంది, ఆ బుడిపెలు కదలవు.

మొదటి రెండు పద్ధతుల్లోనూ ఒక చిక్కు ఉంది: వేలు కదులుతుంటేనే తెలుస్తుంది. ఆగిన వేలికి ఆ గాజు మామూలు గాజే. వేలి చెమట, పొడితనం బట్టి ప్రభావం మారుతుంది. రెండు వేళ్ళు పెడితే రెంటికీ ఒకే గరుకు తెలుస్తుంది, ఒక్కో వేలికి ఒక్కో సంగతి చెప్పడం కష్టం. దానికి తోడు, మామూలు తెర మీద వేలు రాస్తే పేజీ జరుగుతుంది. వెతుకుతున్నాడా, జరుపుతున్నాడా అన్నది ఫోన్‌కు ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నకు పనికొచ్చే జవాబు మోటార్ల నుంచి రాలేదు, చూపు లేనివారి కోసం రాసిన సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చింది. 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో వాయిస్‌ఓవర్ వచ్చింది. అది పనిచేస్తున్నప్పుడు తెర మీద వేలు ఎక్కడ పెట్టినా ఏదీ తెరుచుకోదు, అక్కడ ఏముందో చదివి వినిపిస్తుంది. వేలు రాస్తూ పోతే ఒక్కొక్కటీ చెబుతూ పోతుంది. కావలసింది దొరికాక రెండుసార్లు తట్టాలి, అప్పుడే పని జరుగుతుంది. వెతకడం, నొక్కడం మళ్ళీ రెండు పనులయ్యాయి. గాజులో ఏ మార్పూ లేకుండానే మీటల నాటి మర్యాద తిరిగి వచ్చింది. అక్కడ కబురు చెప్పేది వేలికి కాదు చెవికి, వేగమూ తగ్గుతుంది. కానీ చూపున్నవాళ్ళ కోసం కోట్లు పోసి చేసిన ప్రయోగాలేవీ ఈ మాత్రం సాధించలేదు.

ఫోన్ చేతిలో పట్టుకుని చూస్తూ వాడేది కాబట్టి మొదటి కబురు లేకపోయినా బండి నడిచింది. చూపు వేరేచోట ఉండాల్సిన పనుల్లో ఈ లోటు బయటపడింది. 2017లో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెక్‌కెయిన్ ఒక ట్యాంకరును ఢీకొని 10 మంది నావికులు చనిపోయారు. సిబ్బంది శిక్షణ లోపాలతో పాటు నౌకను నడిపే టచ్‌స్క్రీన్ల తికమక కూడా దర్యాప్తులో చర్చకు వచ్చింది. 2019లో అమెరికా నౌకాదళం ఆ తరగతి నౌకల్లో వేగాన్ని నియంత్రించే టచ్‌స్క్రీన్ల బదులు చేత్తో తోసే మీటలు పెడతామని ప్రకటించింది. కార్ల భద్రతకు రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్, హారన్, వైపర్ వంటి కొన్నింటికి విడి మీటలు ఉండాలని తన కొలమానంలో చేర్చింది.

2024లో ఐఫోన్ 16 అంచున ఒక కొత్త మీట వచ్చింది, ఫోటోల కోసం. పైన నీలమణి గాజు, కింద ఒత్తిడిని కొలిచే సెన్సరు. మెల్లగా ఒత్తితే ట్యాప్టిక్ ఇంజిన్ తట్టు ఇస్తుంది, అది పాత అబద్ధమే. గట్టిగా ఒత్తితే మాత్రం లోపల నిజమైన స్విచ్ ఒకటి టక్కుమని దిగుతుంది. ఫోన్ ఆపేసి నొక్కినా దిగుతుంది.